ఊరిబావి మరమ్మతు: పుణ్యమా? ఋణమా?

బావిలో నీరున్నంతకాలము ఊరివారెవ్వరును బావిని గూర్చి తలంపరు. చేద మునుగును, చేంతాడు పైకి వచ్చును, కడవ నిండును. అంతటితో బావికిని మనకును గల సంబంధము తీరిపోవును. ఒకనాటి ఉదయమున చేద అడుగు తగిలి ఖణేలుమని మ్రోగును. లేదా మోటారు కాలిపోయి కుళాయి గాలిని చిమ్మును. ఆ క్షణమున ఊరంతయు మేల్కొనును. ఖాళీబిందెలు వరుస దీరును. అంతవరకు పలుకరించుకొనని ఇరుగుపొరుగులు ఒక్కచోట చేరుదురు. ఎవరో చందా వసూలు చేయుదురు, ఎవరో తాడు పట్టుకొందురు, ఎవరో బావిలోనికి దిగుదురు. సాయంకాలమునకు నీరు పడును. మరునాడు ఆ పని చేయించినవారు పుణ్యాత్ములని కొనియాడబడుదురు. మూడవనాటికి ఊరు బావిని మరల మరచును.

ఈ మూడునాళ్ల ముచ్చటలో ఒక ధర్మసందేహము దాగియున్నది. ఆపదలో ఊరిబావిని బాగుచేయుట పుణ్యకార్యమా? లేక, చాలకాలముగా చెల్లింపక యుంచిన ఋణమును, ఋణదాత వచ్చి గుమ్మములో నిలిచిన పిమ్మట చెల్లించుటయా? పుణ్యమన్నచో చేసినవాడు గొప్పవాడు, చేయనివాడు నిరపరాధి. ఋణమన్నచో చేసినవాడు తన విధిని నెరవేర్చినవాడు మాత్రమే, చేయనివాడు బాకీదారు. మాట ఒక్కటి మారినంతనే బాధ్యత యంతయు తారుమారగును. బసవాది శరణుల అడుగుజాడలలో నడువగోరు మనము ఈ సందేహమును దాటిపోరాదు.

దోర్నాల దారిలో

ఈ ప్రశ్నను పెద్దదోర్నాలలో నిలిచి ఆలోచించుట ఉచితము. మార్కాపురము వైపునుండి శ్రీశైలమునకు పోవు యాత్రికులకు నల్లమల ముఖద్వారము ఈ ఊరే. ఇక్కడినుండి అడవిదారిలో సుమారు 50 కిలోమీటర్లు సాగినచో మల్లయ్య సన్నిధి. కొండకు ఆవల శ్రీశైల జలాశయములో కృష్ణమ్మ సముద్రమువలె నిలిచి యుండును. కొండకు ఈవల, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో, వేసవి వచ్చినచో ట్యాంకరు చప్పుడునకై చెవియొగ్గి కూర్చుండు పల్లెలు గలవు. ఒకే పర్వతమునకు ఒకవైపు అంత నీరు, మరియొకవైపు ఇంత దాహము! ప్రకృతి యేర్పరచిన ఈ వ్యత్యాసమునకు మనము నిందార్హులము కాము. కాని ఉన్న బావిని పూడనిచ్చుట ప్రకృతి చేసిన పని కాదు.

శ్రీశైలమునకు మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి పేరు నేటికిని నిలిచియున్నది. చెరువులు త్రవ్వించినవారి పేర్లు, సత్రములు కట్టించినవారి పేర్లు శాసనములలో గలవు. తటాకము సప్తసంతానములలో ఒకటియని మన పెద్దలు చెప్పిరి. కనుక దానిని కట్టించినవాడు కన్నతండ్రితో సమానుడైనాడు. ఐనచో ఆ చెరువున పూడిక తీసినవారి పేర్లెక్కడ? ఆ బావిలో జారిన రాతిని మరల పేర్చినవారి పేర్లెక్కడ? కన్నవాని పేరు శిలపై నిలిచినది. పెంచినవాని పేరు నీటిలో కలిసినది. మన ధర్మసందేహమునకు మూలమిక్కడనే యున్నది. స్థాపించుటకు కీర్తి గలదు, కాపాడుటకు లేదు. అందుచేతనే స్థాపించువారు పెక్కుమంది, కాపాడువారు కొందరే.

బావిలోనికి దిగువాడెవడు?

ఆపదలో చేయు మరమ్మతు గట్టున నిలిచి చూచువారికి ఉత్సాహముగ నుండును. లోపల నున్నవానికది ప్రాణముతో చెలగాటము. చాలకాలము మూసియుంచిన బావిలో ఆకులలములు కుళ్లి ప్రాణవాయువు తగ్గిపోవును. బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది గనుక అడుగున చేరి నిలుచును. మొదట దిగినవాడు అరువకయే సొమ్మసిల్లును. వానిని రక్షింపబోయి తమ్ముడు దిగును, వాని వెనుక పొరుగువాడు దిగును. ఒక్క బావిలో ముగ్గురు నలుగురు వరుసగ ప్రాణములు గోల్పోవుట మన పల్లెలెరుగని సంగతి కాదు. పూర్వము పెద్దలు లాంతరును తాటితో దింపి, అది ఆరినచో దిగరాదని హెచ్చరించెడివారు. అది వివేకమే, కాని చాలదు. దీపము వెలుగుచున్నంతమాత్రమున బావి క్షేమమని కాదు. విషవాయువులన్నింటిని దీపము తెలుపజాలదు. మండెడు వాయువున్నచో దీపమే ప్రమాదకారి యగును. నేడు వాయువును కొలుచు పరికరములు గలవు, లోనికి గాలి పంపు యంత్రములు గలవు, నడుమునకు కట్టు పట్టీలు గలవు. ఇవి లేకుండ మనిషిని దింపుట ధైర్యము కాదు, నిర్లక్ష్యము.

ఆ అపాయములోనికి మన సమాజము ఎవరిని దింపినది? 1858లో నాటి మదరాసు రాజధానియందు నిర్బంధ శ్రమ చట్టమొకటి వచ్చెను. చెరువుకట్టయో, ఏటికట్టయో తెగనున్న ఆపత్సమయమున గ్రామాధికారులు శ్రామికవర్గములకు చెందిన దృఢకాయులైన పురుషులను పనికి రమ్మని నిర్బంధింపవచ్చునని ఆ చట్టము చెప్పెను. ఆపద అందరిది, పిలుపు మాత్రము కూలివారికి. కట్ట నిలిచినచో పొలము పండునది భూస్వామికి. కట్టపై మట్టి మోయవలసినది భూమిలేనివాడు. చట్టము క్రొత్తగా కల్పించిన అన్యాయము కాదిది. ఊరిలో ముందునుండి ఉన్నదానికి చట్టము అక్షరరూపమిచ్చినది, అంతియే.

అంతకంటె ఘోరమైనది మరియొకటి గలదు. అనేక గ్రామములందు పూడిక తీయుటకు పనికివచ్చిన చేయి, నీరు ఊరినపిమ్మట చేదుకొనుటకు మైలయైనది. ఆపదలో అడ్డురాని కులము, ఆపద తీరినంతనే గట్టుమీద వచ్చి కూర్చుండినది. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేడ్కరు మహాడ్ పట్టణమున చవదార్ చెరువునకు నడచి దోసెడు నీరు త్రాగుట ఒక మహోద్యమమైనదన్నచో, అంతకుముందు మన సమాజము ఎంతటి దాహమును పాలించినదో ఊహింపుడు. మన రాజ్యాంగము 15వ అధికరణమున బావులు, చెరువులు, స్నానఘట్టములు అని పేరు పేరున చెప్పి, వాని వాడుకలో కులాదుల కారణమున ఎవ్వరిని అడ్డగింపరాదని శాసింపవలసి వచ్చినది. ఒక దేశ రాజ్యాంగమున బావి అను మాట చేరుట మనకు గర్వకారణమా, సిగ్గుచేటా యని ఎవరికి వారు యోచింపవలెను.

మన బసవేశ్వరుడు ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే శివనాగమయ్య యింటికి పోయెనని, కులమును గాక భక్తిని చూచెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. ఆ కథను మనము పురాణకాలక్షేపమున విని తల లూపుదుము. కాని శివనాగమయ్య సంతతివారు మన వీధి బావిలో దిగి పూడిక తీసినపుడు, వారికి తొలి చెంబు నీరు మన చేతులతో ఇచ్చితిమా? ఆ చెంబు వేరుగ నుంచితిమా? పురాణము విన్న ఫలము అక్కడ తేలును. గురు లింగ జంగమములతోపాటు పాదోదకమును అష్టావరణములలో ఒకటిగ మనము ధరింతుము. ఆ ఉదకము ఏ చేతులమీదుగ మన పూజామందిరమునకు వచ్చినదో మరచి, ఆ చేతులను దూరముంచినచో, మనము పుచ్చుకొనునది తీర్థము కాదు, కేవలము నీరు.

పూర్వుల యేర్పాటు

మరమ్మతును ఆపద వచ్చువరకు వాయిదా వేయుట మన పూర్వుల పద్ధతి కాదు. గిద్దలూరునకు దక్షిణమున, కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనమును చూడుడు. క్రీ.శ. 1369 నాటి ఆ శాసనమున, బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెరువును కట్టించిన వైనము గలదు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పట్టినదట. చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము లెక్కించి చెప్పినది. దానము చేసినానని చెప్పి ఊరకుండక, చెరువు ఎట్లుండిన నిలుచును, ఎట్లుండిన చెడును అని చెప్పుట గమనింపదగినది. పుణ్యమునకు పనితనము తోడు కానిచో అది నిలువదని వారెరుగుదురు.

అట్లే రాయలసీమ ప్రాంతములందు దశబంధ మాన్యములుండెడివి. చెరువునో బావినో కట్టినవారికి, దానిని కాపాడుచు మరమ్మతు చేయువారికి, ఆ నీటితో పండిన ఆదాయములో పదవ వంతు చెందునట్లు భూమి యిచ్చెడివారు. ఇందులోని ధర్మసూక్ష్మమేమి? నీటివలన కలిగిన లాభములో ఒక భాగము ఆ నీటికే చెందవలెనని. అది దాత దయ కాదు, నీటి హక్కు. పండినది ఇంటికి చేరకముందే బావి వంతు ప్రక్కకు తీయబడెడిది. కనుక మరమ్మతునకు చందాపుస్తకము పట్టుకొని ఇల్లిల్లు తిరుగవలసిన పని లేకుండెను. ఆంగ్లేయుల కాలమున ఈ మాన్యములు ఇనాము లెక్కలలో చిక్కుకొని, భూమి ఒకరికి, బాధ్యత ఎవరికిని కాకుండ పోయినది. దశబంధము పోయిన చోట చందా వచ్చినది. ఋణము పోయిన చోట పుణ్యము వచ్చినది. దశబంధమునకును మన దాసోహమునకును గల చుట్టరికమును పాఠకులు గుర్తింతురు గాక. దాసోహమన్నను మిగిలినది పెట్టుట కాదు. సమాజమునకు చెందినదానిని సమాజమునకు సమర్పించుట.

సొన్నలిగె చెరువుగట్టున

ఇక మన ప్రశ్నకు శరణచరిత్రలోనే సమాధానము వెదకుదము. సొన్నలిగె సిద్ధరాముని కథ మన గృహములలో తెలియనివారుండరు. పసులు కాచు బాలుని వద్దకు మల్లయ్య జంగమరూపమున వచ్చెను. బాలుడు ఆకలిగొన్న అతిథికి అన్నము తెచ్చునంతలో ఆయన కానరాకపోయెను. బాలుడు మల్లయ్యా, మల్లయ్యా యని పిలుచుచు శ్రీశైలమునకు వచ్చి, శిఖరమునుండి దుముకబోగా స్వామి చేయిపట్టి ఆపెను. అట్లు నల్లమల కొండలలో మల్లయ్యను పొందిన సిద్ధరాముడు సొన్నలిగెకు మరలిపోయి చేసిన పనియేమి? చెరువు త్రవ్వించుట! వేలమందిని కూర్చి తటాకము నిర్మించుట. దైవదర్శనము పొందినవాడు మొదట నీటికొరకు మట్టి త్రవ్వెను.

అటుపిమ్మట అల్లమప్రభువు అక్కడికి వచ్చెను. మట్టిపని చేయువాడవని అర్థమిచ్చునట్లు సిద్ధరాముని ‘ఒడ్డరాముడు’ అని ఎత్తిపొడిచెను. పనివారు కోపించి ప్రభువుపై రాళ్లు రువ్విరి. తుదకు సిద్ధరాముడే ప్రభువు అంతర్యమును గ్రహించి, ఆయన వెంట కల్యాణమునకు పోయి, చెన్నబసవన్నవలన ఇష్టలింగదీక్షను పొందెను. చామరసు ప్రభులింగలీలయందును, ఇతర శరణకావ్యములందును ఈ ఘట్టము ప్రసిద్ధము.

ఈ కథను రెండు విధముల తప్పుగ అర్థము చేసికొనువారు గలరు. లోకసేవ యంతయు మాయయే, చెరువు త్రవ్వుటకంటె ధ్యానములో కూర్చుండుటయే మేలని కొందరందురు. వీరు ప్రభువు మాటను తమ సోమరితనమునకు గొడుగుగ పట్టుకొనినవారు. దాహముగొన్నవానికి తత్త్వము చెప్పుమని ప్రభువు ఎన్నడును చెప్పలేదు. ప్రభువు మాట కేవలము సిద్ధరాముని పరీక్షించుటకే, అందులో విమర్శ లేదని మరికొందరందురు. ఇదియు సరికాదు. విమర్శ గలదు, అది తీవ్రమైనది.

ప్రభువు ఖండించినది చెరువును కాదు. చెరువునకు అంటుకొనిన ‘నేను’ అను బురదను. నేను త్రవ్వించితిని, నాచేత వేలమందికి దప్పిక తీరినది, ఇది నా పుణ్యము అను భావము కలిగినంతనే ఆ చెరువు లోకమునకు నీరైనను త్రవ్వించినవానికి పూడికయే యగును. పుణ్యమను దానిలో ఈ చిక్కు గలదు. పుణ్యము చేసినవాడు దాతయై పైన నిలుచును, పుచ్చుకొన్నవాడు యాచకుడై క్రింద నిలుచును. పుణ్యము ఒకమారు చేసినచో చాలును. ఫలకము తగిలించి ఇంటికి పోవచ్చును. ఋణమట్లు కాదు. దప్పిక ప్రతిదినము పుట్టును గనుక నీటి ఋణము ప్రతిదినము పుట్టును. దానిని తీర్చువాడు పైన నిలువడు. అందరితో సమానముగ నిలుచును.

ఈ కారణముచేతనే స్థాపనకంటె మరమ్మతు కాయకమునకు దగ్గరయని నా మనవి. క్రొత్తబావి త్రవ్వించినవాడు తన పేరు పెట్టుకొనవచ్చును. పాతబావిని బాగుచేసినవానికి ఆ అవకాశము లేదు. బావి ముందే ఒకరి పేరున నున్నది, అతడు చేసిన పని నీటి క్రింద మునిగిపోవును. పేరు లేని పని, కనబడని పని, మరల మరల చేయవలసిన పని – శరణులు కాయకమన్నది దీనినే. నులియ చందయ్య చెరువున గడ్డి కోసి త్రాడు పేనుచుండగా ఇష్టలింగము నీటిలో జారిపడెనని, లింగమే వెంటబడి వచ్చినను ఆయన తన కాయకమును విడువలేదని పెద్దలు చెప్పుదురు. పేనిన త్రాడు తెగినచో మరల పేనవలెను. ఆ మరల యను మాటలోనే కాయక రహస్యమంతయు నున్నది.

తెగిన గొలుసు, పోయిన గేటు

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. “ఋణమో పుణ్యమో, ఆపదలో ఎవడో ఒకడు వచ్చి పని చక్కబరచిన చాలదా? దాహము తీరినవానికి ఈ తర్కముతో పనియేమి?” అని. ఈ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. ఆపదలో ముందునకు వచ్చినవానిని గౌరవింపవలసినదే.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినది. 1953లో పూర్తియైన ఆనకట్ట అది. ఒత్తిడి తగ్గించుటకై మిగిలిన గేట్లను తెరచి, కష్టపడి నిలువచేసిన నీటిని చేతులార విడువవలసి వచ్చినది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారు వృద్ధాప్యమును లెక్కింపక వచ్చి, నీరు పారుచుండగనే ఉక్కుపలకలను ఒకదానిపై నొకటి దింపించి, ఆగస్టు 16, 17 తేదీలలో ప్రవాహమును అరికట్టించిరి. ఉధృతముగ పారు నీటి అంచున నిలిచి పనిచేసిన కార్మికుల సాహసమునకు చేతులెత్తి మ్రొక్కవలెను. ఆ తుంగభద్రయే సంగమేశ్వరము వద్ద కృష్ణలో కలసి మన మల్లయ్య పాదములచెంతకు వచ్చునది.

మన చెంతనే మరియొక ఉదాహరణము గలదు. నల్లమలలో పుట్టి, కంభము చెరువును నింపి, తూర్పునకు సాగు గుండ్లకమ్మపై మల్లవరము వద్ద జలాశయము కట్టిరి. 2008లో అది జాతికి అంకితమైనది. ఒంగోలు వాసుల త్రాగునీటికి అది ఆధారము. 2022 ఆగస్టు చివర ఒక గేటు, 2023 డిసెంబరులో మరియొక గేటు దెబ్బతిని కొట్టుకొనిపోగా, నిలువయున్న నీరు సముద్రము పాలైనది. వందల యేండ్ల నాటి కంభము చెరువు గట్టు నిలిచియుండగా, పదునైదేండ్లు నిండని గేటు నిలువలేదు. ఎవరిని నిందించుటకును ఈ మాట చెప్పుట లేదు. ఇనుము తుప్పు పట్టుట ఇనుము స్వభావము; రంగు వేయుట, కందెన పూయుట, అరిగిన గొలుసు మార్చుట మనుష్యుని స్వభావము కావలెను.

కనుక ఆక్షేపణకు సమాధానమిది. ఆపదలో వచ్చినవాడు వందనీయుడే. కాని అతనిని పొగడు మనము మాత్రము ఆ పొగడ్తతో మన బాకీని కప్పిపుచ్చుకొనరాదు. వీరుడు కావలసివచ్చినదన్నచో అంతకుముందు అనేకులు తమ చిన్నపనిని చేయలేదని యర్థము. ఏ ఊరికి వీరులతో పనిలేకుండునో ఆ ఊరే ధన్యమైనది.

లోతునకు పోయినకొలది

మరమ్మతు పేరిట మనము చేయుచున్న మరియొక పనినిగూడ పరిశీలింపవలెను. బావి యెండినచో నేడు మనము పూడిక తీయము. ప్రక్కన బోరు వేయుదుము. అది యెండినచో ఇంకను లోతునకు వేయుదుము. ఇది మరమ్మతువలె కనబడును గాని, నిజమునకు పొరుగువాని ఊటను పీల్చుకొనుట. ఒకని బోరు లోతు పెరిగినకొలది ఊరిబావి మట్టము దిగజారును. సొంతబోరు గలవాడు ఊరిబావిని మరచును. లేనివాడు ఖాళీబిందెతో మిగులును. దీనిని గుర్తించియే మన రాష్ట్రమున 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము, ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల అనుమతి లేక క్రొత్తబావి త్రవ్వరాదని విధించినది. చట్టము గీత గీయగలదు. ఆ గీత దాటరాదను బుద్ధిని మాత్రము చట్టమీయజాలదు.

పైగా మన ప్రాంతమున లోతునీరు అన్ని చోట్ల మంచినీరు కాదు. నాడు నెల్లూరు జిల్లాలోనుండిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములందు ఫ్లోరోసిస్ వ్యాధి గలదని 1937లో వైద్యులు ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధి తొలుత గుర్తింపబడినది ఇక్కడనే. మనుష్యులకంటె ముందు కాడి మోయలేక కుంటుపడిన యెద్దులను చూచి రైతులు కీడు శంకించిరట. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించినచో దీర్ఘకాలమున పండ్లు గారపట్టును. మిక్కిలి హెచ్చినచో ఎముకలు వంగి నడుము బిగిసిపోవును. కాచినంతమాత్రమున అది పోదు; నీరు ఆవిరియై మరింత చిక్కబడును. పటిక, సున్నము వాడి ఫ్లోరైడును తగ్గించు నల్లగొండ పద్ధతివంటివి శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. ఐనను వాననీటితో బావి మట్టమును నిలుపుకొనుట అన్నింటికంటె మూలమైన చికిత్స.

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము ఏరుకొని రాగా, భార్య లక్కమ్మ ఆ ఎక్కువను తిరిగి పోసి రమ్మని పంపెనను కథ మనకు తెలిసినదే. ఆ బియ్యము దొంగసొమ్ము కాదు, నేలరాలినవి, ఏరినది దాసోహమునకే. ఐనను ఆ తల్లి అంగీకరింపలేదు. అవసరమునకు మించి భూగర్భమునుండి లాగుచున్న నీటినిగూర్చి ఆ తల్లి మనతో ఏమనియుండును?

సొరంగము వచ్చినను

దోర్నాల ప్రాంతము చిరకాలముగా కలగనుచున్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ పథకమున శ్రీశైల జలాశయపు నీటిని నల్లమలను తొలిచిన రెండు సొరంగముల ద్వారా పెద్దదోర్నాల మండలమునకు తేవలెను. ఒక్కొక్క సొరంగము సుమారు 18.8 కిలోమీటర్లు. మొదటిది 2021లో, రెండవది 2024లో త్రవ్వి ముగించిరి. 2024 మార్చి 6న వానిని జాతికి అంకితము చేసిరి. సొరంగము త్రవ్వినంతనే నీరు కడవలోనికి రాదు. జలాశయము, కాలువలు, ముంపుగ్రామముల వారి పునరావాసము అన్నియు కూడిరావలెను. మనకు నీరు రావలెనని ఇల్లువాకిళ్లు విడుచు ఆ గ్రామస్థులకు అందవలసినది దానము కాదు, అదియు ఋణమే.

కొండకు ఆవలి కృష్ణ ఈవలకు వచ్చు దినము శుభదినము. కాని పెద్దనీరు వచ్చునను ఆశతో చిన్నబావిని విడిచిపెట్టినవాడు రెండింటికిని చెడును. కాలువ నిండుటయు ఊరిచెరువు నిలుచుటయు ఒకదానికొకటి తోడు. ఆ సొరంగమునకైనను రేపటినుండి మరమ్మతు అక్కర. దానికిని గేట్లు గలవు, గేట్లకు గొలుసులు గలవు.

మన వంతు

కావున ఋణమని ఒప్పుకొన్నచో దానిని తీర్చు విధమును యోచింపవలెను. ప్రతి మఠమునందును, ప్రతి గ్రామమునందును వేసవి రాకముందే బావి పూడిక తీయించుట నియమముగ పెట్టుకొనవలెను. పండుగకు గోడలకు సున్నము వేయుట మరువము గదా, బావిని మరువనేల? పంటలోనుండియో ఆదాయములోనుండియో ఒక వంతును దశబంధమువలె నీటికొరకు ముందుగ తీసిపెట్టవలెను. బాగుచేసిన బావిలో హెచ్చుగ బ్లీచింగు కలిపి, ఆ నీటిని తోడివేసిన పిమ్మటనే వాడుకొనవలెను. అటుపైన త్రాగునీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి చొప్పున కలిపి అరగంట ఆగవలెను. బావిలో ఎవరిని దింపినను గాలి పరీక్ష లేక, నడుమునకు కట్టు లేక, గట్టున కావలి లేక దింపరాదు. దిగినవానికి తగిన కూలి ఇచ్చి, మన పంక్తిలోనే అన్నము పెట్టవలెను. మఠాధిపతులు, యజమానులు స్వయముగ తాడు పట్టవలెను. జంగమునకు పాదపూజ చేయు చేతులు పూడికతట్టను అందుకొన్నచో అవి మైలపడవు.

ఒక చిన్న కోరిక. బాగుచేసిన బావిగట్టున ఎవ్వరి పేరును చెక్కింపకుందుము గాక. తప్పనిసరిగ ఏదైన వ్రాయవలసి వచ్చినచో, పూడిక తీసిన సంవత్సరమును మాత్రము వ్రాసి, దాని క్రింద రాబోవు సంవత్సరములకు చోటు విడుతము. ఆ ఖాళీచోటు మన సంతానమునకు మనము వ్రాసియిచ్చు ఋణపత్రము. ఏటేట ఒక్కొక్క అంకె చేరుచున్నంతకాలము ఆ ఊరిలో ధర్మము బ్రతికియున్నదని ఎరుగవచ్చును. అంకె ఆగిపోయిన యేడు మాత్రము, చేద అడుగు తగులకముందే, ఎవరైనను వచ్చి మనలను నిద్రలేపవలెను.

శరణు శరణార్థి.